పంచదార డబ్బాకి కాపలా

నా చిన్నప్పుడు మా ఇంట్లో పంచదార డబ్బాకి కాపలా నేనే. తొమ్మిదేళ్ల పిల్లకి అంత పెద్ద ఉద్యోగం ఎందుకిచ్చారంటే, దొంగ మా తాతయ్య కాబట్టి. ఆయనకి షుగరుందని డాక్టరు తేల్చాక అమ్మ ఇంట్లో తీపి అన్న మాటే లేకుండా చేసింది. అయినా మధ్యాహ్నం అందరూ నడుం వాల్చగానే ఆయన పిల్లిలా వంటింట్లోకి వెళ్లి పిడికెడు పంచదార నోట్లో పోసుకునేవారు. పెద్దవాళ్లు అడిగితే తొణక్కుండా అబద్ధమాడేవారు గానీ, నా మొహం చూస్తూ ఆడలేకపోయేవారు. అది కనిపెట్టి అమ్మ డబ్బాని నాకు అప్పగించింది. నేనసలే మొండిఘటాన్ని. దాన్ని రోజుకో చోట దాచేదాన్ని.

తాతయ్య సినిమాల్లో మేకప్ మనిషి. మద్రాసులో చాలా ఏళ్లు చేశారు. సినిమాలు హైదరాబాదుకి తరలి వస్తుంటే ఆయన పెట్టెల వెంట మేమూ వచ్చి ఫిల్మ్‌నగర్‌లో అద్దెకి దిగాం. అప్పట్లో అక్కడ ఇళ్ల కన్నా బండరాళ్లే ఎక్కువ. పక్కింటికి వెళ్లాలన్నా నాలుగు రాళ్లు ఎక్కి దిగాలి.

షూటింగుల అలవాటు ఆయన్ని ఇంట్లోనూ వదల్లేదు. సెట్లో "బ్రేక్" అని కేక వినపడితే గానీ ఎవరూ అన్నం ముట్టరట. ఇంట్లో కూడా చేతిలో పనుంటే, ఎవరో ఒకరం గుమ్మంలో నిలబడి బ్రేక్ అని అరిస్తే తప్ప ఆయన కదిలేవారు కాదు. అలా వేళాపాళా లేకుండా తినీ తినీ ఛాతీలో మంట కూడా తెచ్చుకున్నారు. మేం దాన్ని గ్యాస్ అనేవాళ్లం. పులితేన్పులు మొదలైతే పుదీనా వాసన వేసే తెల్లటి మందు రెండు మూతలు తాగేవారు. మంటకి ఆ సీసా, షుగరుకి మాత్రలు, రెండూ ఒకే బల్ల మీద ఉండేవి. దానికీ వాటికీ పడుతుందా లేదా అని మేమెవరం ఆలోచించలేదు.

ఆ రోజు అమ్మానాన్నలు వెంగళరావు నగర్‌లో పెళ్లికి వెళ్లారు. నాకు జ్వరం తగ్గి రెండ్రోజులే అయిందని ఇంట్లో వదిలేశారు. తాతయ్య మర్నాటి షూటింగుకి ఒక మీసం తయారు చేస్తున్నారు. సన్నటి వలగుడ్డ మీద ఒక్కో వెంట్రుకా ముడివేసే పని అది. పన్నెండింటికి మాత్ర గుర్తు చెయ్యమనీ, మంటంటే మందు పొయ్యమనీ, డబ్బా మాత్రం చచ్చినా ఇవ్వొద్దనీ అమ్మ నాకు చెప్పి వెళ్లింది.

పన్నెండింటికి ఆయన మాత్ర వేసుకున్నారు. అన్నం తినలేదు. ఛాతీ మండుతోంది, కాస్త తగ్గాక తింటానంటూ తెల్లమందు తాగి మళ్లీ మీసం పట్టుకున్నారు. పొద్దున కూడా అదే వంకతో ఒక్క ఇడ్లీతో సరిపెట్టారు. బ్రేక్ అని అరవాల్సిన దాన్ని నేను బొమ్మలు గీసుకుంటూ మర్చిపోయాను.

రెండు కావస్తుండగా ఆయన చేతిలోంచి సూది జారింది. తీసిచ్చాను. మళ్లీ జారింది. హీరోయిన్ల కంటి అంచున గీత గీసేటప్పుడు కూడా బెదరని ఆ చెయ్యి గడగడా వణుకుతోంది. నటుల నుదుటి మీద చెమట పుట్టించే మనిషికి నిజం చెమట పట్టి లాల్చీ తడిసిపోయింది. నేను గ్యాసే అనుకుని ఇంకో రెండు మూతలు తాగించాను. ఆయన నన్ను ఎవరి పేరుతోనో పిలిచి లైట్లు ఆపమన్నారు. ఇంట్లో ఒక్క లైటూ వెలగడం లేదు.

రాళ్ల మీంచి దూకుతూ పక్కింటి అక్క దగ్గరికి పరుగెత్తాను. ఆవిడ బంజారా హిల్స్‌లో ఒక ఆసుపత్రిలో నర్సు. డ్యూటీ నుంచి అప్పుడే వచ్చినట్టుంది, చీర కూడా మార్చుకోకుండా నా వెంట వచ్చింది. తాతయ్య చెయ్యి పట్టుకుని చూస్తూ, "తాత పొద్దుగాల సంది ఏం తిన్నడు?" అని అడిగింది. ఒక ఇడ్లీ అన్నాను. "షుగర్ గోలి ఏసుకున్నడా?" ఊఁ అన్నాను. "ఏం తినకుంటనే ఏసుకున్నడా? జల్ది చక్కెర తే."

నేను కదల్లేదు. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. తాతయ్యకి ఇవ్వకూడదు, అమ్మ చంపేస్తుంది అన్నాను. అక్క వంటిల్లంతా గాలించింది. డబ్బా ఎక్కడ దొరుకుతుంది? వెనక్కి వచ్చి నన్ను ఒక్క మాట కూడా తిట్టలేదు. నా భుజాలు పట్టుకుని నెమ్మదిగా, "చక్కెర ఎక్కువైనా ఖరాబే, తక్కువైనా ఖరాబే బిడ్డా. ఇప్పుడు మీ తాతకు తక్కువైంది. ఇంక జరసేపైతే మింగనీకి గూడ రాదు" అంది.

డబ్బా తాతయ్య విగ్గుల పెట్టె అడుగున ఉంది. సొంత పెట్టెలో ఆయన వెతకరని నా తెలివి. తీసుకొచ్చి ఇచ్చాను. అక్క నాలుగు చెంచాలు నీళ్లలో కలిపి, ఆయన్ని లేపి కూర్చోబెట్టి, గుక్క గుక్కగా తాగించింది. పావుగంట పట్టింది. ఆ పావుగంటలో నేను మొక్కని దేవుడు లేడు. చివరికి ఆయన నన్ను నా పేరుతో పిలిచారు. అక్క వెంటనే పెరుగన్నం కలిపి తినిపించింది.

సాయంత్రం అమ్మావాళ్లు వచ్చాక అక్కే జరిగింది చెప్పింది. "పిల్ల ఉరికొచ్చి నన్ను పిలిచింది, చక్కెర గూడ తనే తెచ్చింది" అంది. దాచిన సంగతి ఎత్తలేదు. అమ్మ నన్ను దగ్గరికి తీసుకుని ముద్దులు పెడుతుంటే నాకు ఏడుపు ఆగలేదు. భయపడిందనుకున్నారు అందరూ.

మర్నాడు డాక్టరు తాతయ్యకి బాగానే తలంటాడు. కంచంలో అన్నం వడ్డించుకున్నాకే మాత్ర ముట్టాలన్నాడు. గ్యాస్ మందు దాని వెంటనే తాగితే మాత్ర జోరు పెరగొచ్చు, రెంటికీ మధ్య ఎడం ఉండాలన్నాడు. ఇంటికి రాగానే నేను తాతయ్య ఒళ్లో తల దూర్చి అంతా చెప్పేశాను. ఆయన కాసేపు నా జుట్టు నిమిరి, "నిన్ను కాపలా పెట్టాం గానీ, తలుపు ఎప్పుడు తియ్యాలో చెప్పలేదమ్మా. అది మా తప్పు" అన్నారు. ఇకమీదట దొంగతనం కూడా మానేస్తానన్నారు. ఆ మాట మీద ఓ పదిరోజులు గట్టిగానే నిలబడ్డారు.

ఇప్పుడు మధురానగర్‌లో నాకు మందుల షాపుంది. షుగరు మాత్రల చీటీ చేతికిచ్చి తొందరపెట్టేవాళ్లని నేను అంత తేలిగ్గా వదలను. మంటకి ఏమైనా వాడుతున్నారా, ఎన్నింటికి తింటారు అని అడుగుతాను. చీటీలో లేని మందు ఏదైనా బయటపడితే ముందు డాక్టరుకి ఫోన్ చేయిస్తాను. ఈవిడ నస భరించలేం అని కొందరు పైకే అంటారు. అననీ. వాళ్ల వెంట పిల్లలొస్తే ఇంకా నయం. ఆ పిల్లల్ని గల్లాపెట్టె దగ్గరికి పిలిచి, మీ తాతయ్యకి పంచదార ఎప్పుడు ఇవ్వకూడదో చెప్పి, ఎప్పుడు పరుగెత్తుకెళ్లి ఇవ్వాలో వాళ్ల నోటితో రెండుసార్లు చెప్పించుకుని గానీ పంపను.