ఇదిగో, ఇస్తున్నా!

మా బాబాయికి ఫోన్ చేయడం వచ్చు. ఫోన్లో మాట్లాడటం మాత్రం రాదు. పరాయి దేశం వెళ్ళి ఇంటికి ఫోన్ చేశాడంటే, "ఆఁ, నేనే! అందరూ బాగున్నారా? ఇదిగో, ఇస్తున్నా!" అనేసి పక్కన ఎవరుంటే వాళ్ళ చేతిలో ఫోన్ పెట్టేస్తాడు. ఆ పక్కనున్న మనిషెవరో ఆయనకే సరిగ్గా తెలీదు, ఇక మనకేం తెలుస్తుంది? వాళ్ళ భాష మనకి రాదు, మన భాష వాళ్ళకి రాదు. "హలో" అన్న ఒక్క మాట పట్టుకుని అటు వాళ్ళూ ఇటు మనమూ వేలాడుతూ ఉండాలి.

ఆయన బిస్కెట్ ఫ్యాక్టరీల్లో ప్యాకింగ్ మిషన్లు బిగించే ఫిట్టర్. కంపెనీ ఏ దేశానికి మిషన్ అమ్మితే ఆ దేశానికి ఈయన్నీ స్పానర్ల పెట్టెనీ పంపిస్తుంది. మిషన్ బుద్ధిగా పొట్లాలు కట్టేదాకా అక్కడే ఉండి రావాలి. నేను ఆయన భార్యకి అక్క కూతుర్ని. వాళ్ళింట్లో మేడ మీద గదిలో ఉంటూ పళ్ళ ఆసుపత్రిలో పని చేస్తున్నాను. నా ఉద్యోగమే ఫోన్లెత్తడం. పంటినొప్పితో మూలిగేవాళ్ళనీ, తిట్టేవాళ్ళనీ, మొద్దుబారిన నాలుకతో మాట్లాడేవాళ్ళనీ అందర్నీ చూశాను. అయినా బాబాయి ఫోన్ మోగితే ఎత్తడానికి భయపడతాను.

ఎందుకు భయపడను! మొట్టమొదట నేనెత్తిన ఫోన్లో బాబాయి పేరు కనిపించింది గానీ గొంతు ఆయనది కాదు. ఎవరో గంభీరంగా, ఒక్కో మాటా నొక్కి నొక్కి చెబుతున్నాడు. వెనకాల సైరన్ కూత. నా పై ప్రాణాలు పైనే పోయాయి. "బాబాయికేమైంది? ఎక్కడున్నాడు? బతికే ఉన్నాడా?" అని అరిచాను. అవతలివాడు కూడా కంగారుపడి అరిచాడు. చివరికి బాబాయి ఫోన్ లాక్కుని, "ఎందుకే ఆయన్ని భయపెడతావు? పాపం పోలీసాయన, ఎంత మంచివాడో!" అన్నాడు.

"పోలీసా! ఏం చేశావు బాబాయ్?"

"నేనేం చేస్తాను? రోడ్డు దాటిస్తుంటే పరిచయమయ్యాడు. మీ పిన్ని లేదా? పిలువు, ఇస్తా."

ఇక్కడ మా పిన్ని సంగతి చెప్పాలి. పిన్ని బస్ స్టేషన్లో అనౌన్సర్. "ప్రయాణికులకు విజ్ఞప్తి" అని ఆవిడ మొదలుపెడితే టీ తాగేవాడు గ్లాసు దించి వినేవాడు. ఊరిలో సగంమందికి ఆవిడ మొహం తెలీదు, గొంతు తెలుసు. అలాంటి మనిషికి కిందటేడు తలలో ఏదో నరం దెబ్బతింది. కాలూ చెయ్యీ దారికొచ్చాయి గానీ మాట రాలేదు. వచ్చినా ముక్కలు ముక్కలుగా వచ్చేది. మొదటిసారి అలా వచ్చినప్పుడు ఇంటికొచ్చిన చుట్టాలందరూ ఒక్కసారిగా తలలు దించుకున్నారు. అంతే, పిన్ని ఆ రోజు నోరు మూసింది. ఏం కావాలన్నా చెంచాతో గ్లాసు మీద కొట్టేది. ఒక దెబ్బ మంచినీళ్ళు, రెండు దెబ్బలు టీ, ఆగకుండా కొడితే నన్ను గదిలోంచి పొమ్మని.

మాట నేర్పే డాక్టరమ్మ మాత్రం ఖచ్చితంగా చెప్పింది: "ఈవిడ రోజూ ఎవరితోనో ఒకరితో మాట్లాడాలి. ఇలాగే ఊరుకుంటే ఉన్న మాట కూడా పోతుంది. తర్వాత నేనేం చేయలేను." నేను బతిమాలాను, మా అమ్మ వచ్చి ఏడ్చింది. పిన్ని గ్లాసు ఆగకుండా కొట్టింది.

బాబాయికి ఈ ఫోన్ పిచ్చి మొదట్నుంచీ కొంచెం ఉన్నదే. అంతకు ముందు తోటి ఫిట్టర్‌కో, హోటల్ వాడికో ఇచ్చి ఊరుకునేవాడు. పిన్నికి జబ్బు చేశాక అది ముదిరి పాకాన పడింది. పైగా వీడియో కాల్ ఒకటి నేర్చుకున్నాడు.

ఒకరోజు పొద్దున్నే పిన్ని ఫోన్ మోగితే తీశాను. తెర మీద బాబాయి మొహం. సగం తెల్లటి నురగ, గొంతు దగ్గర మెరుస్తున్న కత్తి, ఆ కత్తి పట్టుకున్న బలమైన చెయ్యి. నేను పెట్టిన కేకకి పక్కింటివాళ్ళు కిటికీలు తెరిచారు.

"అరవకే, చెయ్యి జారుతుంది!" అన్నాడు బాబాయి పెదాలు కదపకుండా. "బార్బర్. చాలా సరదా మనిషి. పిన్నికివ్వు. ఇదిగో, ఇస్తున్నా!"

ఆ బార్బర్ కత్తి పక్కన పెట్టి, ఫోన్ అందుకుని, పిన్నికి దణ్ణం లాంటిదేదో పెట్టి, తన భాషలో గలగలా మాట్లాడాడు. బాబాయి సగం గడ్డంతో వెనకాల కూర్చుని ఉన్నాడు. పిన్ని ఊరికే చూసింది. గ్లాసు మాత్రం కొట్టలేదు.

ఇంకోసారి తెర మీద తెల్లగౌను వేసుకున్న పెళ్ళికూతురు. పక్కనే కోటూ బూటూ వేసుకుని, కోటు జేబులో పువ్వు పెట్టుకుని మా బాబాయి! నేల మీద కూలబడ్డాను. అప్పుడే వచ్చిన మా అమ్మ అది చూసి, "నేను ముందే అనుకున్నా! దేశాలు తిరిగే మగాణ్ణి నమ్మకూడదని!" అని గుండెలు బాదుకుంది.

"ఫ్యాక్టరీ మేనేజర్ కూతురి పెళ్ళి వదినా!" అంటున్నాడు బాబాయి. "కోటు అద్దెది! మీ చెల్లెలికివ్వండి, పెళ్ళికూతురు మాట్లాడుతుంది!"

నా చేతిలోంచి ఫోన్ పిన్ని అందుకుంది. ఆవిడ భుజాలు కదిలాయి. ఏడుస్తోందేమో అనుకున్నాను. నవ్వుతోంది. జబ్బు చేశాక ఆవిడ నవ్వడం అదే మొదలు. కానీ నా ఒళ్ళు అప్పటికే మండిపోతోంది. ఫోన్ తీసుకుని మెట్ల మీదకి వెళ్ళి కడిగేశాను.

"పెళ్ళాం మాట్లాడలేని స్థితిలో ఉంటే నువ్వు దగ్గర లేవు. పోనీ, ఫోన్లోనైనా నాలుగు మాటలు చెప్పవు. తిరిగి జవాబు రాదని ఎవరో ఒకరికి అంటగట్టి చేతులు దులుపుకుంటున్నావు. అంతేనా బాబాయ్?"

అవతల్నుంచి పెళ్ళి బ్యాండు వినిపించింది.

"రేపు చేస్తాలేవే," అన్నాడు. చేశాడు కూడా. చేసి, పళ్ళ బండివాడికిచ్చాడు.

ఆ తర్వాత ఒక మధ్యాహ్నం మా పళ్ళ డాక్టరుకే పన్ను నొప్పి వచ్చి ఆసుపత్రి మూసేశారు. నేను వేళ కాని వేళ ఇంటికొచ్చాను. తలుపు ఓరగా ఉంది. లోపల ఎవరో మాట్లాడుతున్నారు. ఆడగొంతు, బొంగురుగా, ఆగి ఆగి.

"దు... దుప్పటి."

నేను గుమ్మం పట్టుకున్నాను. నాకు ఆ పోలీసు ఫోన్‌కీ, గొంతు దగ్గర కత్తికీ కూడా అంత దిమ్మ తిరగలేదు. మాట్లాడుతోంది పిన్ని!

ఫోన్ చెంబుకి ఆనించి నిలబెట్టి ఉంది. తెర మీద బట్టలుతికే దుకాణంలో ఒక ముసలావిడ, చేతిలో మడతపెడుతున్న దుప్పటి. "డుపట్టె," అంది ఆవిడ. పిన్ని తల అడ్డంగా ఊపింది. "కాదు. దుప్... పటి." ముసలావిడ మళ్ళీ పలికింది. ఈసారి ఇంకా ఘోరం. ఆ దుప్పటి మాట దగ్గర మా పిన్ని కంటే ఆవిడే ఎక్కువ అవస్థ పడుతోంది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని పగలబడి నవ్వారు. వెనకాల గుండ్రంగా తిరిగే వాషింగ్ మిషన్ ముందు మా బాబాయి, బనీనుతో, బుద్ధిమంతుడిలా బట్టల కోసం కూర్చుని ఉన్నాడు.

పిన్ని నన్ను చూసింది. టక్కున నోరు మూసి, ఫోన్ నా చేతిలో పెట్టి, వంటింట్లోకి వెళ్ళిపోయింది. నేను మళ్ళీ మెట్ల మీదకి పరిగెత్తాను.

"చూసేశావా?" అన్నాడు బాబాయి గొంతు తగ్గించి. "మొహం ఎలా పెట్టావు? జాలిగా పెట్టావా?"

"లేదు. నోరు తెరిచి పెట్టాను."

"హమ్మయ్య. అది పర్లేదు."

"ఎప్పట్నుంచి బాబాయ్ ఇది?"

"ఆ బార్బర్ దగ్గర ఒక్క 'ఊఁ' అందే. పెళ్ళికూతురికి నెమ్మదిగా 'బాగుంది' అంది. మీ గోలలో మీకు వినపడలేదు. మనం ఆవిడ మాట ఎలా ఉండేదో తెలిసినవాళ్ళం కదా. ఎంత దాచుకున్నా మన మొహాల్లో కనపడిపోతుంది. నా మొహంలోనూ కనపడుతుంది, అందుకే నేను పక్కకి తప్పుకుంటా. వీళ్ళకి మీ పిన్ని చక్కగా మాట్లాడినా అర్థం కాదు, తడబడినా అర్థం కాదు. ఎవరి ముందు సిగ్గుపడుతుంది?"

ఆయన్ని ఎన్నేసి మాటలన్నాను!

"ఆ రోజు నేను అంతలా తిట్టినప్పుడు చెప్పొచ్చుగా?"

"చెబితే నువ్వు మీ అమ్మకి చెబుతావు. మీ అమ్మ ఊరందరికీ చెబుతుంది. అందరూ వచ్చి మీ పిన్ని చుట్టూ కూర్చుని 'ఏదీ, ఒక్క మాట మాట్లాడు' అంటారు. మొదటికొస్తుంది."

నిజమే. మా అమ్మ గురించి ఆయనకి బాగా తెలుసు.

"అయినా, ముక్కూ మొహం తెలీనివాళ్ళు ఫోన్ ఇస్తే తీసుకుంటారా?"

"తీసుకుంటారే, నవ్వుతూ ఇస్తే. ఒకాయన మాత్రం భయపడి పోలీసుని పిలిచాడు."

"అప్పుడేం చేశావు?"

"పోలీసుకిచ్చా. రోడ్డు దాటించాడని నీతో బొంకాను గానీ, నువ్వే కదా మాట్లాడింది!"

ఆ తర్వాత నేను మా అమ్మకి చెప్పలేదు. నా జన్మలో నేను దాచిన రహస్యం అదొక్కటే. బాబాయి ఫోన్ మోగగానే ఏదో పనున్నట్టు మేడ మీదకి పోయేదాన్ని. కింద నుంచి పిన్ని గొంతు పాకుతూ, పడుతూ, లేస్తూ వినిపించేది. గ్లాసు చప్పుడు తగ్గింది. ఒకరోజు నా గుమ్మం దగ్గరికొచ్చి, "టీ... పెట్టు" అంది. నేను మొహం గోడవైపు తిప్పుకుని, "నువ్వే పెట్టుకో, నాకు పనుంది" అన్నాను. ఆ మాటకి ఆవిడ ఎంత సంతోషించిందో!

బాబాయి తిరిగొచ్చే రోజున వంటింటి సింకు కారుతోందని ప్లంబర్ని పిలిచాం. అతను సింకు కింద దూరి ఉండగా ఫోన్ మోగింది. పిన్ని స్పీకర్ నొక్కింది.

"ఆఁ, నేనే!" అన్నాడు బాబాయి. "విమానం ఆలస్యమట. ఇక్కడ ఒక పైలట్ ఉన్నాడు, ఇదిగో, ఇస్తు..."

"ఆగండి," అంది పిన్ని.

నేను చేతిలో గిన్నె అలాగే పట్టుకుని ఉండిపోయాను. పిన్ని కొంగు సర్దుకుని నిటారుగా నిలబడింది, మైకు ముందు నిలబడ్డట్టు.

"ప్ర... ప్రయాణికులకు... విజ్ఞప్తి. ఇంటికి రా... రావలసిన మొగుడు... ఆలస్యంగా వస్తున్నాడు. అసౌ... అసౌకర్యానికి... తర్వాత మాట్లాడుకుందాం."

అని, వంగి, సింకు కిందకి ఫోన్ చాచింది. "ఇదిగో... ఇస్తున్నా."

ప్లంబర్ బిత్తరపోయి, తడిచేతులు చొక్కాకి తుడుచుకుని ఫోన్ అందుకున్నాడు. "హలో? ఎవరండీ? నేనాండీ, ప్లంబర్నండీ... ఏమోనండీ, మేడమే ఇచ్చారు." కాసేపు విన్నాడు. అయోమయంగా మా వైపు చూశాడు.

"ఏమంటున్నారు?" అన్నాను.

"ఏమీ అనట్లేదండీ. వెక్కి వెక్కి ఏడుస్తున్నారు." మళ్ళీ ఫోన్ చెవికి ఆనించుకుని ఎంతో ఓదార్పుగా చెప్పాడు: "ఊరుకోండి సార్, వాషరే కదా పోయింది. కొత్తది వేసేస్తా, మీరొచ్చేసరికి చుక్క కారదు."