ప్రతి సోమవారం రెండున్నర

2023 వానాకాలం. వనపర్తిలో ఒక గుండె దవాఖానలో నర్సుగా పనిచేస్తున్నాను. గుండెకు లోహపు వాల్వ్ వేయించుకున్నవాళ్లు రక్తం గడ్డకట్టకుండా జీవితాంతం మాత్రలు వేసుకోవాలి. మందు తక్కువైతే వాల్వ్ మీద గడ్డ కడుతుంది, ఎక్కువైతే రక్తం ఆగదు. ఆ తూకం చెప్పే అంకెను ఐఎన్‌ఆర్ అంటాం. వేలి మీద పొడిచి ఒక చుక్క స్ట్రిప్‌కు అందిస్తే ఇంట్లోనే అంకె చూపే మిషన్లు వచ్చాయి. వాటిని వాడటం నేర్పి, వారం వారం ఫోన్‌లో అంకెలు అడిగి రాసుకోవడం నా పని.

గద్వాల నేతగాడు వెంకటయ్యకు ఆ అంకె రెండున్నర, మూడున్నర మధ్య ఉండాలి. మొదటి సోమవారం "రెండున్నర బిడ్డా" అన్నాడు. రెండోవారమూ అంతే, మూడోవారమూ అంతే. నేర్పింది నేనే కదా అని కాస్త మురిసిపోయాను కూడా. ఐదోసారీ రెండున్నర అనేసరికి అనుమానం వచ్చింది. మనిషి రక్తం అంత బుద్ధిగా ఉండదు.

బస్సెక్కి గద్వాల వెళ్లాను. వెంకటయ్య మగ్గం మీద ఉన్నాడు. ఆయన భార్య పద్మమ్మ నూలు కండెలు చుట్టడం ఆపి, బీరువాలోంచి మిషన్ తెచ్చింది. నేనిచ్చిన స్ట్రిప్పుల డబ్బాకు సీలైనా తీయలేదు.

నాకు ఒళ్లు మండింది. "ఇదేంది పెద్దనాయినా? పానంతోని ఆటలా?"

ఆయన తల దించుకున్నాడు. "పొద్దుగాల్నే పొడుసుకొమ్మంటివి. గా మాత్రలతోని నెత్తురు జల్ది ఆగదు. ఏడింటికి మగ్గం మీద కూసోవాలె. పట్టంచు మీద బొట్టు పడితే చీర పాయె. రెండున్నర ఉంటె మంచిదని నువ్వే అంటివి. గదే చెప్పిన."

కోపం పోయి సిగ్గేసింది. పొద్దున్నే చూడాలన్న నియమమేమీ లేదు. దవాఖాన అలవాటు కొద్దీ నేనే అలా చెప్పాను.

"మగ్గం దిగినంక సూస్కుంటె అయితది గద," అంది పద్మమ్మ. "తెల్లారేసరికి మానుతది."

ఆ సాయంత్రం మగ్గం దిగాక, ఎడమచేతి ఉంగరపువేలి కొసకు ఒక పక్కగా పొడిచాం. ఒకటి పాయింట్ ఎనిమిది. మందు చాలడం లేదు. అక్కడి నుంచే డాక్టరుగారికి ఫోన్ చేశాను. మోతాదు మార్చి, మర్నాడు తీసుకురమ్మన్నారు. స్కాన్‌లో వాల్వ్ శుభ్రంగా ఉంది. పద్మమ్మ నా రెండు చేతులూ పట్టుకుని నవ్వుతూ ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

తర్వాత అంకెలు మారుతూ వచ్చాయి: రెండు పాయింట్ ఏడు, మూడు, రెండు పాయింట్ తొమ్మిది. అవి రాసుకుంటుంటే నా మనసు కుదుటపడేది. ఇప్పుడు మిషన్ ఎవరికిచ్చినా, ముందు వాళ్ల చేతులు ఏం పని చేస్తాయో, ఎప్పుడు ఖాళీగా ఉంటాయో అడుగుతాను. ఆ తర్వాతే సూది చూపిస్తాను.

మొన్న సోమవారం సాయంత్రం వెంకటయ్య ఫోన్ చేశాడు. నవ్వు ఆపుకోలేకపోతున్నాడు.

"బిడ్డా, ఫోటో గూడ పంపిన, సూడు. ఈపారి నిజంగనే రెండున్నర వచ్చింది."