పొగ తగలని ఇల్లు

ఎర్రబోరు చుట్టుపక్కల నలభై ఇళ్లు కట్టిన హుంగా ఏనాడూ కాగితం మీద గీత గీయలేదు. ఇల్లు కావాలన్నవాళ్ల గుమ్మంలో కూర్చుని ప్రశ్నలతో ప్రాణం తీసేవాడు. ముసలమ్మ ఎక్కడ పడుకుంటుంది, వాన ఏ దిక్కు నుంచి కొడుతుంది, కోళ్లెన్ని, చనిపోయిన పెద్దల పేర పెట్టే కుండ ఏ మూల ఉండాలి? అన్నీ విన్నాకే కర్రతో నేల మీద కొలతలు వేసేవాడు. అలాంటి మనిషిని సర్కారు కాగితాల్లో కూలీ అని రాశారు. ఆర్కిటెక్టు అనే మాట చదువుకున్నవాళ్ల సొత్తు కదా మరి!

ఆ చదువుకున్న ఆర్కిటెక్టు కమలాకుమారి ఒకసారి ఊరికొచ్చి, హుంగా ఇంటిని మూడు రోజులు టేపుతో కొలిచింది. జిల్లా పట్నంలో ప్రదర్శనశాల పెడుతున్నారట, అందులో అచ్చం ఇలాంటి ఇల్లు కావాలట. హుంగా వెళ్లి కట్టాడు. కడుతూ కడుతూ అడిగాడు.

"దీన్ల ఎవరుంటరమ్మా?"

"ఎవరూ ఉండరు తాతా. జనం చూసి వెళతారు."

"అట్లయితే పొయ్యన్నా రోజూ రాజెయ్యాలె. పొగ తగలకుంటే వెదురు పుచ్చిపోతది."

"గోడలు నల్లబడతాయి తాతా" అని ఆమె నవ్వేసింది. పొయ్యి కట్టించారు గానీ అందులో పుల్ల వెలిగించనివ్వలేదు.

రెండు వానాకాలాలకే వాసాలు పిండి రాల్చాయి. కప్పు ఒక పక్క కూలింది. హుంగా కట్టిన ఇల్లు పడిపోయిందన్న మాట పక్కనున్న భేజ్జి ఊరి దాకా పాకింది. అక్కడ సుక్రాం హుంగా చేత ఇల్లు కట్టించుకోవాలని కలప కూడా సిద్ధం చేసుకున్నాడు. అతనొచ్చి, "ఈ ఏడు ఆగుదాం మామా" అన్నాడు నేల చూపులు చూస్తూ.

హుంగాకు ఒళ్లు మండిపోయింది. "ఆగుడేంది? నడువు, నీ కండ్లతోనే చూద్దువు" అని పట్నం బస్సెక్కించాడు.

కూలిన ఇంటి ముందు ఇంజనీరు ఈశ్వరరావు కాగితం పట్టుకుని ఉన్నాడు. పక్కనే కమలాకుమారి. "జాంచ్ రిపోర్టు ఇది. విచారణలో నీ పని నాసిరకమని తేలింది. అంగూఠా వెయ్యి, ఇక్కడ వేలిముద్ర" అన్నాడు ఈశ్వరరావు.

"పొగ పెట్టనియ్యలే గద సారూ. అమ్మకు అప్పుడే చెప్పిన. అడుగుండ్రి."

ఈశ్వరరావు ఆమె వైపు చూశాడు. ఆమె ఫోను వైపు చూసుకుంది. అంత చదివిన మనిషి చేసే పనేనా, సిగ్గుచేటు! గుమ్మం పక్కన రాగిరేకు మీద ఆమె పేరు ఇంతింత అక్షరాలతో మెరుస్తోంది. అందులో హుంగా పేరు లేదు. ఇల్లు నిలబడ్డప్పుడు ఎవరికీ గుర్తురాని పేరు, కూలాక రిపోర్టులో మొదటి వరుసలోనే ఉంది.

సుక్రాం లోపలికి వెళ్లి పొయ్యిలో చెయ్యి పెట్టి చూశాడు. చిటికెడు బూడిద లేదు.

"ఇంటిని పస్తులుంచి చంపిన్రు మామా" అన్నాడు.

హుంగా చెయ్యి చాపి కాగితం అందుకున్నాడు. ముద్ర వేస్తాడనుకుని ఈశ్వరరావు సిరా డబ్బా మూత తీశాడు. హుంగా తిన్నగా లోపలికి నడిచి, ఆ కాగితాన్ని పొయ్యిలో కుక్కి, రాలిన వాసం ముక్కలు నాలుగు పైన పేర్చి అగ్గిపుల్ల గీశాడు.

"ఏయ్, ఎవర్రా అక్కడ, నీళ్లు తెండి!" అంటూ ఈశ్వరరావు పరిగెత్తుకొచ్చాడు. సుక్రాం గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. ఎంత కసిరినా పక్కకు జరగలేదు.

"కూసో సారూ" అన్నాడు హుంగా, పొయ్యి ఊదుతూ. "నేను కట్టిన ఇల్లు ఎట్లుంటదో ఇప్పుడు చూడు."