దెబ్బకాయలు మనకి

పెళ్ళయినప్పటి నుంచీ మొన్నటిదాకా మా ఇంట్లో నేను మచ్చలేని మామిడిపండు తిని ఎరగను. ఆగిరిపల్లి దారిలో మాకో చిన్న రసాల తోట ఉంది. తోట ఉన్నవాడికి పండ్లకేం కొదవ అంటారు జనం. పండ్లకి కొదవ లేదు, మంచివాటికే కొదవ. కోతలో నేలరాలినవీ, కొమ్మ గీరుకున్నవీ, సొన కారి తోలు నల్లబడినవీ ఇంట్లోకి. నదురైనవన్నీ ఇంటికొచ్చేవాళ్ళకి. ఇది మా ఆవిడ చట్టం.

"దెబ్బకాయలు మనకి, మంచికాయలు వచ్చేపోయేవాళ్ళకి" అంటూ, వరిగడ్డిలో మాగేసిన కాయల్ని రోజూ పొద్దున్నే రెండు కుప్పలు చేసేది. రసం కాయని రంగు చూసి నమ్మకూడదు. పచ్చ అంటే ఆకురంగో పసుపురంగో మన భాషే తేల్చలేదు, ఇక కాయ ఏం తేలుస్తుంది? ఆవిడ మాత్రం తొడిమ దగ్గర బొటనవేలు ఆనించి చెప్పేసేది. నా వంతుకి ఎప్పుడూ ఓ పక్కన చాకుతో చెక్కేసిన గుంట ఉన్న పండే వచ్చేది. పిసికి పీల్చుకోవాల్సిన పండుకి గుంట ఉంటే రసం నోట్లోకి సగం, చొక్కా మీదకి సగం. తోట పట్టా ఒకటే, నా చొక్కాల మీద మాత్రం దాని పటాలు బోలెడు.

కొత్తలో ఓసారి ఉక్రోషం వచ్చి అడిగాను.

"ఈ ఇంటికి నేను చుట్టాన్ని ఎప్పుడవుతానే?"

"అయిన రోజున మీకూ మంచికాయే పెడతాలెండి" అంది నవ్వుతూ.

కిందటి కార్తీకమాసంలో ఆవిణ్ణి బెజవాడలో డాక్టరుకి చూపించాను. అప్పటికి కొన్నాళ్ళుగా అడిగిందే అడుగుతోంది, పప్పులో పంచదార వేస్తోంది. ఆ రోజు గంజి పెట్టిన నేతచీర కట్టుకుని, తలలో చామంతులు పెట్టుకుని కుర్చీలో నిటారుగా కూర్చుంది. నేను గడ్డం మాసి, చొక్కా గుండీలు ఎగుడుదిగుడుగా పెట్టుకుని పక్కన నిలబడ్డాను. డాక్టరు మా ఇద్దర్నీ చూసి, "చెప్పండి, ఎన్నాళ్ళ నుంచి మీకిలా ఉంది?" అని నన్నడిగాడు.

ఆవిణ్ణి ఇది ఏ నెలో చెప్పమంటే చిరునవ్వు నవ్వింది. "మామిడికాయల కాలం కదండీ. మీరు భోంచేశారా? వేళకి తినాలండి."

డాక్టరు మందులు రాశాడు. ఇవి కాస్త నెమ్మది చేస్తాయి గానీ పోయింది తిరిగి రాదండీ అని నాతో విడిగా చెప్పాడు.

ఈ వేసవిలో విస్సన్నపేట నుంచి మా బావమరిది బండేసుకుని వచ్చాడు. వాకిట్లోనే అక్కని చూసి నా మీద పడ్డాడు.

"ఏంటి బావగారూ, అక్క నిక్షేపంలా ఉంటే ఫోన్లో అలా బెదరగొడతారు? నాకు మీరే తేడాగా కనిపిస్తున్నారు!"

"కూర్చోండి. పిల్లలు బాగున్నారా? మజ్జిగ పుచ్చుకుంటారా?" అంది ఆవిడ.

పుట్టినప్పటి నుంచీ వాణ్ణి 'ఒరేయ్' అని తప్ప పిలవని మనిషి. వాడు దాన్ని వేళాకోళం అనుకుని మురిసిపోయాడు. "చూశారా బావా! తల నెరిశాక మా అక్క నాకు మర్యాద ఇచ్చింది." మంచికాయల సంచీ బండికి తగిలించుకుని హుషారుగా వెళ్ళిపోయాడు.

బండి మలుపు తిరిగాక ఆవిడ నావైపు తిరిగి, "ఎవరండీ ఆయన? మంచి మర్యాదస్తుడు" అంది.

మరి నేనెవర్నో చెప్పు అని అడగబోయి నాలిక కరుచుకున్నాను. అడిగినా లాభం లేదు. మొగుడి పేరు నోటితో పలకని ఇంట్లో పెరిగిన మనిషి. తెలిసినా చెప్పదు, తెలియకపోయినా చెప్పదు. ఎదురుగా కూర్చున్నది ఎవరనుకుంటోందో తెలుసుకోవడానికి నాకు మిగిలిన ఆధారం ఒక్కటే, మధ్యాహ్నం నా ముందుకొచ్చే పండు. మిగతావన్నీ మరిచినా ఆ చేతులు రెండు కుప్పలు వేయడం మానలేదు. రోజూ ముందు గుంట ఉందో లేదో చూసుకుని, ఆ తర్వాతే అన్నం కలుపుకునేవాణ్ణి. గుంట ఉండేది. పాడైన పండుని చూసి అంత పొంగిపోయిన రైతు ఈ చుట్టుపక్కల ఇంకోడు ఉండడు.

మొన్న, పక్కింటావిడని కనిపెట్టి ఉండమని చెప్పి తోటకెళ్ళి, కాయలు లారీకెక్కించి, మిట్టమధ్యాహ్నం ఇల్లు చేరాను. ఆవిడ వరండాలో ఉంది. నన్ను చూడగానే పమిట సర్దుకుని లేచింది.

"రండి, కూర్చోండి. ఎండన పడొచ్చినట్టున్నారు. ఆయన తోటకెళ్ళారు, వచ్చే వేళే."

కుర్చీ చూపించింది. కూర్చున్నాను. పళ్ళెంలో మంచినీళ్ళ గ్లాసు పెట్టి తెచ్చింది. దాని పక్కన ఒక రసం పండు. చేతిలోకి తీసుకుని చుట్టూ తిప్పి చూశాను. ఇంకోసారి తిప్పాను.

"పాడైందేం కాదండీ, మంచికాయే" అంది కాస్త నొచ్చుకుంటూ.

"ఇది మీ ఆయనకి ఉంచండి" అన్నాను.

"ఆయనకి వేరే ఉంచానండి."

గుమ్మంలోంచి లోపలి బల్ల కనిపిస్తోంది. నా కంచం మీద మూత, పక్కన ఓ గిన్నెలో గుంట చెక్కిన పండు.

నేను చేతిలో పండు పిసికి, తొడిమ తీసి, పీల్చాను. తియ్యగా ఉంది. చొక్కా మీద ఒక్క చుక్కయినా పడలేదు.

ఆవిడ వీధి గేటు వైపు చూస్తూ నిలబడింది.

"ఇంకా రాలేదేంటండీ ఈయన?"

"వస్తారులెండి" అన్నాను.