ఏటిగట్టు వాలులో బాబాయి ఆగిన చోటు

కార్తీక మాసంలో ఒక మంగళవారం పొద్దున దుకాణం తలుపులు తీసి పంచెల అర దులుపుతున్నాను. పక్క కొట్టాయన మెట్ల దగ్గర నిలబడి, "మీ సైకిల్ బాబాయి పోయాడంటగా, మీరింకా వెళ్ళలేదా?" అన్నాడు. ఆయన ముందురోజు సాయంత్రమే పోయారట. ఊరందరికీ తెలిశాక నాకు తెలిసింది. 'మీ బాబాయి' అన్నాడు గానీ, నేను ఆ బాబాయి కొట్టు గడప తొక్కి అయిదు నెలలైందని పాపం పక్క కొట్టాయనకి తెలీదు. చేతిలో దులుపు గుడ్డతోనే కాసేపు కుర్చీలో కూర్చుండిపోయాను.

ఆయన నాకు బంధువేమీ కాదు. పెనుగొండలో కాలవ రోడ్డు మలుపులో రేకుల షెడ్డు వేసుకుని సైకిళ్ళు బాగుచేసేవారు. ఏటి ఒడ్డున చేపలు పట్టే కుటుంబం. వాళ్ళ నాన్న వల విసిరి బతికాడు. ఈయనకి మాత్రం చిన్నప్పటి నుంచీ నీళ్ళ మీదకన్నా చక్రాల మీద మనసు. డెబ్బై దాటినా వేళ్ళు చురుగ్గా ఉండేవి. వలకి ముడి వేసినట్టే చక్రానికి ఊచలు బిగించేవారు. నాది మూడు తరాల బట్టల దుకాణం. ఆయన నన్ను షావుకారు గారూ అనేవారు, నేను బాబాయ్ అనేవాణ్ణి.

మూడేళ్ళ కిందట మా ఆవిడ పోయింది. ఆ తర్వాత ఇంట్లో చప్పుడు చేసేది ఫ్రిజ్జు ఒక్కటే. షుగరు పెరిగింది, నిద్ర తగ్గింది. డాక్టరు సైకిల్ తొక్కమన్నాడు. నేను ఏది కొన్నా నలుగురూ చూసేలా కొనే రకం. రాజమండ్రి వెళ్ళి వంగిన హ్యాండిలు, సన్న టైర్లు ఉన్న రేసు సైకిల్ కొనుక్కొచ్చాను. టైరు ఎంత సన్నగా ఉంటే అంత స్పీడు, గాలి ఎంత గట్టిగా ఉంటే అంత స్పీడు అని అమ్మినవాడు చెప్పాడు. నేనూ అమ్మేవాణ్ణే కనుక అమ్మేవాడి మాట నమ్మకూడదని నాకు తెలియాలి. అయినా నమ్మాను.

గాలి కొట్టించడానికి తీసుకెళ్తే బాబాయి చుట్టూ తిరిగి చూశారు.

"ఆయ్, టైరు జంతికంతే ఉందండి!"

"నవ్వకు బాబాయ్. బొటనవేలు దిగకూడదు, అంత గట్టిగా కొట్టు."

"రాయిలా కొడితే రాయిలాగే ఎగురుద్దండి షావుకారు గారూ. ఎగిరినప్పుడల్లా మీ బలం పైకి పోద్ది గానీ ముందుకి పోదు."

నేను వినలేదు. ఆయన వాదించలేదు, కొట్టారు. మర్నాడు తెల్లవారుతుండగా మా వీధి చివర తన సైకిల్ పట్టుకుని నిలబడి ఉన్నారు. "నేనూ ఎటో అటు ఎళ్ళాలి కదండి" అన్నారు. ఎక్కడికీ వెళ్ళే పని లేదని ఇద్దరికీ తెలుసు. ఆ రోజు నుంచి రెండేళ్ళు, వానరోజులు తప్ప, సిద్ధాంతం ఏటిగట్టు దాకా కలిసి వెళ్ళి, అక్కడ టీ తాగి, దుకాణం తీసే వేళకి తిరిగి వచ్చేవాళ్ళం. రోజుకి రెండు గంటలు నాతో ఒక మనిషి మాట్లాడేవాడు. ఆ రెండు గంటలూ తప్పిస్తే గిరాకీల మాటలే.

ఆయన సైకిల్ ఒక విచిత్రం. చట్రం ఒకచోటిది, చక్రాలు ఒకచోటివి, లావుపాటి టైర్లు రాజమండ్రిలో సరదాకి దూరాలు తొక్కేవాళ్ళు వదిలేసినవి. ఆ పారేసిన టైర్లు ఏరి తెచ్చుకుని, అరిగిపోయిన వాటిని కోసి లోపల ఏముందో చూడటం ఆయనకి అలవాటు. దారిలో ముందు వెళ్ళేవాళ్ళ మొహాలు చూసేవారు కాదు, వెనక చక్రాలు చూసేవారు. రావులపాలెం మార్కెట్టుకి సైకిల్ మీద అరటి గెలలు కట్టుకు వెళ్ళేవాడు కనిపిస్తే, "నాన్నా, ఎనక టైరు కూర్చుండిపోతంది, ఇంకాస్త కొట్టించుకో" అని కేకేసేవారు. తర్వాత నా వైపు తిరిగి, "ఆడు ఆరు గెలలు మోత్తన్నాడండి, ఆడికి కావాలి. మీరేం మోత్తన్నారు?" అనేవారు. నేనేం మోస్తున్నానో ఆయనకి తెలుసు. అందుకే రోజూ వచ్చేవారు.

ఒకరోజు కొట్లో నన్ను కళ్ళు మూసుకోమన్నారు. రెండు టైర్ల పక్కభాగాలు కోసి, రబ్బరు గీకేసి, లోపలి నూలు పొర తెల్లగా బయటికి తీసి, చెరో ముక్క నా రెండు చేతుల్లో పెట్టారు. నా వేళ్ళకి చెప్పక్కర్లేదు. "ఇది నూరో నంబరు సన్న నూలు పంచె. ఇది గోనె" అన్నాను. ఆయన పకపకా నవ్వారు.

"గోనె మీదేనండి! మీ సైకిల్‌కి ఏసిన రకమే. నూరో నంబరు నా టైరు."

తర్వాత ఓపిగ్గా చెప్పారు. చక్రం తిరిగినప్పుడల్లా టైరు నేలకి ఆనిన చోట మడతపడి మళ్ళీ లేస్తుంది. సన్న నూలు తేలిగ్గా మడతపడుతుంది, మళ్ళీ తేలిగ్గా లేస్తుంది. గోనెని మడవాలంటే బలం కావాలి, ఆ బలం మోకాళ్ళ నుంచే రావాలి. "మా నాన్న సన్న నూలు వల ఇసిరితే పువ్వులా ఇచ్చుకునేదండి. మోటు నూలు వలకి సగం సత్తువ వల మీదే అయిపోయేది. చేపలకేం మిగులుద్ది?" అన్నారు. మరి లావు సంగతేమిటని అడిగాను. ఒకే గాలి ఉన్నప్పుడు లావు టైరు నేల మీద అడ్డంగా పరుచుకుంటుందనీ, సన్నటిది పొడుగ్గా నొక్కుకుని ఎక్కువ మడతపడుతుందనీ అన్నారు. పైగా లావు టైరులో గాలి కొంచెం తగ్గించుకోవచ్చు, అప్పుడు గతుకుల్ని టైరే మింగేస్తుంది. "మరీ లావైతే బరువండి, ఎదురుగాలికి అడ్డం కూడా. మీ ఇంటి గచ్చు మీద తొక్కితే మీరే గెలుత్తారు. మన రోడ్డు గచ్చు కాదు కదండి."

ఇక్కడ నా తెలివితక్కువతనం చెప్పాలి. పుట్టినప్పటి నుంచీ బట్టని వేళ్ళ మధ్య నలిపి నాణ్యం చెప్పేవాణ్ణి. టైరు దగ్గరికి వచ్చేసరికి మాత్రం బొటనవేలితో నొక్కి, గట్టిగా ఉంటే మంచిదనుకున్నాను. పంచెని ఎవడైనా బొటనవేలితో నొక్కి కొంటాడా? అయినా నా చేతులు ఒప్పుకున్నది నా నోరు ఒప్పుకోలేదు. పందెం వేద్దామన్నాను.

ఏటిగట్టు మీంచి టీకొట్టు వైపు దిగే వాలు ఉంది. గట్టు మీద పక్కపక్కన నిలబడి, పెడలు తొక్కకుండా వదిలేయాలి. ఎవరి సైకిల్ ఎంత దూరం వెళ్ళి ఆగితే అంత. మొదటిసారి నేను టీకొట్టు దాటి కొద్దిదూరంలో ఆగిపోయాను. నా సైకిలూ నా పళ్ళూ దారంతా కటకటలాడాయి. ఆయన చప్పుడు లేకుండా నన్ను దాటుకుని కరెంటు స్తంభం దాకా వెళ్ళి, దిగి, హ్యాండిలు మీద చెయ్యి వేసుకుని నాకోసం నిలబడ్డారు. నేను ఆయనకన్నా ఇరవై కిలోలు ఎక్కువ. వాలులో బరువున్నవాడే దూరం పోవాలి. అయినా మూడుసార్లూ ఆయనే దూరం వెళ్ళారు. ఆయన జేబులోంచి పాత ట్యూబు పట్టీ తీసి ఆ స్తంభానికి కట్టారు, గుర్తుకి. "ఇప్పుడు సైకిళ్ళు మార్చుకుందామండి" అన్నారు. మార్చుకున్నాం. ఈసారి నేను స్తంభం కూడా దాటిపోయాను. ఆయన నా సైకిల్ మీద ఎక్కడో వెనక ఆగిపోయి, నవ్వుతూ నడిపించుకొస్తున్నారు. టీకొట్టు బల్ల మీద కూర్చున్న నలుగురూ కూడా నవ్వారు.

ఆ నవ్వు తట్టుకోలేకపోయాను. "వలలు అల్లుకునేవాళ్ళు నాకు నూలు సంగతి చెప్పేదేంటి?" అన్నాను. గట్టిగానే అన్నాను.

బల్ల మీద నవ్వు ఆగిపోయింది. బాబాయి నా సైకిల్ నాకిచ్చి, భుజం మీద గుడ్డతో చేతులు తుడుచుకున్నారు. "గాలి కొంచెం తగ్గించుకోండి షావుకారు గారూ, చేతులు తిమ్మిరెక్కుతాయి" అన్నారు. అంతే. మర్నాడు వీధి చివర ఆయన ఉన్నారో లేదో నాకు తెలీదు, ఎందుకంటే నేను పక్క సందులోంచి వెళ్ళిపోయాను.

తర్వాత సొంతంగా పంపు కొనుక్కున్నాను. ఆయన కొట్టు ముందు నుంచి వెళ్ళాల్సి వస్తే చుట్టుతిరిగి పోయేవాణ్ణి. తప్పు నాదని మొదటి రోజే తెలుసు. రేపు వెళ్దాం, వానలు తగ్గాక వెళ్దాం, దసరా సీజను అయ్యాక వెళ్దాం అనుకుంటూ ఉండిపోయాను. క్షమాపణ చెప్పడం మా దుకాణంలో ఎప్పుడూ నేర్పలేదు. గిరాకీ బేరం వచ్చినంత సులువుగా మంచి మాట రాదు నాకు. ఆ అయిదు నెలలూ సాయంత్రం తలుపులు వేసి ఇంటికి వెళ్ళాక, పొద్దున తొక్కిన దారి గురించి చెప్పడానికి ఎవరూ ఉండేవారు కాదు. మా ఆవిడ పోయినప్పుడు ఒక ఒంటరితనం చూశాను. అది దేవుడిచ్చింది. రెండోది నేను చేతులారా తెచ్చుకున్నాను.

పెద్దకర్మ రోజున వాళ్ళింటికి వెళ్ళాను. ఏం మొహం పెట్టుకుని వెళ్ళానో నాకే తెలీదు. వాళ్ళమ్మాయి నన్ను చూసి ఏడవలేదు, కోప్పడలేదు. "కూర్చోండి షావుకారు గారూ" అని లోపలికి వెళ్ళి, వార్తాపత్రికలో చుట్టి దారం కట్టిన పొట్లం తెచ్చింది.

"మీయి అండి. కొట్లో మేకుకి ఏలాడతన్నాయి."

రెండు టైర్లు. నా సైకిల్ చట్రంలో పట్టేటంత లావు, అంతకు మించి లేదు. పత్రిక మీద బాల్‌పెన్నుతో పెద్ద అక్షరాలు: 'షావుకారు గారివి. ముందు 70. వెనక 80. బొటనవేలు నమ్మొద్దు.'

"ఎప్పుడు తెచ్చారమ్మా?"

"వానలు మొదలవకముందేనండి. మీరిద్దరూ కలిసి రాటం మానేసిన వారమే, బస్సెక్కి రాజమండ్రి ఎల్లొచ్చారు. పట్టుకెళ్ళి ఇచ్చెయ్ నాన్నా అంటే, 'ఆయనే వత్తారు, తొందరేముంది' అనేవోరు."

పక్కభాగాన్ని వేళ్ళ మధ్య నలిపి చూశాను. నూరో నంబరు. వాళ్ళ వాకిట్లో, వచ్చినవాళ్ళందరి మధ్య, నాకు ఏడుపు ఆగలేదు.

ఇదంతా పత్రికకి రాయడానికి కారణం ఒకటే. ఆ మాట నలుగురిలో అన్నాను కనుక వెనక్కి తీసుకోవడం కూడా నలుగురిలోనే జరగాలి. నూలు సంగతి నాకన్నా ఆయనకే బాగా తెలుసు. మనుషుల సంగతి కూడా ఆయనకే బాగా తెలుసు. బాబాయ్, తప్పయిపోయింది.

టైర్లు నేనే వేసుకున్నాను. ఒక ట్యూబు చింపుకున్నాను, గోరు విరిగింది, సగం పూట పట్టింది. గాలి ముందు డెబ్బై, వెనక ఎనభై, పంపు మీది ముల్లు చూసి కొట్టాను. బొటనవేలు పెట్టలేదు. మర్నాడు తెల్లవారుతుండగా వీధి చివర ఒక్క నిమిషం ఆగి, సిద్ధాంతం వెళ్ళాను. అదే రోడ్డు, అవే గతుకులు, చేతులకి తిమ్మిరి లేదు. గట్టు మీద నిలబడి పెడలు తొక్కకుండా వదిలేశాను. సైకిల్ కటకటలాడలేదు. టీకొట్టు దాటింది. నేను ఎప్పుడూ ఆగిపోయే చోటు దాటింది. నెమ్మదిస్తూ వెళ్ళి వెళ్ళి, ట్యూబు పట్టీ కట్టిన స్తంభం పక్కన ఆగింది.

కాలు కింద పెట్టి ముందుకి చూశాను. అక్కడ రోడ్డు తప్ప ఏమీ లేదు. దిగి, ఆయన నిలబడినట్టే హ్యాండిలు మీద చెయ్యి వేసుకుని, వెనక్కి తిరిగి వాలు వైపు చూస్తూ నిలబడ్డాను. ఏటి మీది మంచు గట్టు దిగి వస్తోంది. టీకొట్టావిడ రెండు గ్లాసులు కడిగి బల్ల మీద పెట్టి, నన్ను చూసి, ఒకటి లోపలికి తీసుకెళ్ళిపోయింది.