కట్ట కింద ఊట

ఏప్రిల్‌లో ఒకరోజు పొద్దున్నే ఫోన్ మోగింది. తీయగానే అవతల పెద్దాయన పలకరింపు కూడా లేకుండా, "నీ కట్ట కింద నుంచి నీళ్లొస్తున్నాయి. వచ్చి చూడు," అని పెట్టేశాడు.

అప్పటిదాకా అది మా ఇద్దరికీ 'మన కట్ట'. ఆ పూట మాత్రం నాదైపోయింది.

కెనడాలో విన్నిపెగ్‌కి దూరంగా, ఒక గ్రామీణ మునిసిపాలిటీలో నీటి పరిరక్షణ ఆఫీసులో పనిచేస్తాను. అక్కడ చలికాలమంతా పేరుకున్న మంచు ఏప్రిల్‌లో ఒక్కసారిగా కరిగి, మెరక నుంచి పల్లానికి దూకుతుంది. పొలాల్లో మంచి మన్నంతా దానితోపాటే పోతుంది. అందుకని రైతు తన పొలంలో వాగుకి అడ్డంగా చిన్న మట్టికట్ట వేయించుకుంటే ఖర్చు ప్రభుత్వం పెట్టుకుంటుంది, నీళ్లు నిలిచే నేలకి ఏటా కొంత డబ్బు ఇస్తుంది. కట్ట వెనక ఆగిన నీళ్లు తూములోంచి మెల్లగా కిందికి పోతాయి. ఈ సంగతి ఇంటింటికీ తిరిగి చెప్పడమే నా ఉద్యోగం.

ఆ ఫోన్ చేసిన పెద్దాయన కూడా అలాంటి రైతే, కానీ ఒక పట్టాన ఒప్పుకోలేదు. "ప్రభుత్వం ఇచ్చిందంటే రేపు నా పొలంలో నన్నే అడుగుపెట్టనివ్వదు," అనేవాడు. కాఫీ మాత్రం పోసేవాడు. ఒక వసంతంలో వరదకి గడ్డిపొలం సగం చాళ్లుచాళ్లుగా కోసుకుపోయాక తనే ఫోన్ చేశాడు. కట్ట పూర్తయ్యాక ఇదే మొదటి ఏప్రిల్.

కంకర రోడ్డు బురదబురదగా ఉంది. నేను వెళ్లేసరికి ఆయన రబ్బరు బూట్లతో కట్ట కింద నిలబడి ఉన్నాడు. కట్ట వెనక నీళ్లు పై అంచుకి దగ్గరగా వచ్చేశాయి. ధారగా పారాల్సిన తూములోంచి సన్నగా కారుతున్నాయి. కట్ట అడుగున గడ్డి మధ్య ఒకచోట నీళ్లు కుతకుతలాడుతున్నట్టు పైకి ఉబుకుతున్నాయి. వంగి దోసిట్లోకి తీసుకున్నాను. పాలు తక్కువైన టీ రంగు.

ఊట తేటగా ఉంటే ఫరవాలేదు. మట్టితో వస్తోందంటే కట్టని లోపల్నుంచి నీళ్లు తినేస్తున్నట్టు. నేను పుట్టి పెరిగింది డెల్టా ప్రాంతంలో. ఆ క్షణంలో నాకు ఇంగ్లీషు మాటేదీ తట్టలేదు, గండి అన్న మన మాటే తట్టింది. కట్ట తెగితే ముందు మునిగేది ఆయన ఆవులు ఈనే కొట్టం. దానికవతల రోడ్డు. రోడ్డవతల పక్క రైతు ఇల్లు.

మా ఇంజనీరు ఇంకో ఊళ్లో ఉన్నాడు. ఫోన్‌లో రంగు చెప్పాను. వెంటనే అందుకున్నాడు. "కట్ట మీదికి ఎవరూ ఎక్కొద్దు. తూము నోరు మూసుకుపోయుంటుంది. గట్టి నేల మీద నిలబడి అది తెరవగలిగితే తెరవండి. నేను బయల్దేరుతున్నా."

ఈలోగా పెద్దాయన ఎక్స్‌కవేటర్ స్టార్ట్ చేశాడు. పరిగెత్తాను.

"ఏం చేస్తున్నారు?"

"కట్టని ఈ చివర కోసేస్తా. నీళ్లు అటు పోతాయి."

"కోయడం మొదలుపెట్టేదాకానే మన చేతిలో ఉంటుందండీ. తర్వాత ఎంత తెగుతుందో నీళ్ల ఇష్టం. కింద వాళ్ల ఇల్లుంది."

"వాళ్లకంటే ముందు నా పశువులున్నాయి!"

"అయితే ముందు పశువుల్ని తోలేద్దాం."

ఆయన ఇంజన్ ఆపి దిగాడు.

ఆయన భార్య అప్పటికే కొట్టంలో ఉంది. కొత్తగా ఈనిన ఆవుల్ని దూడల దగ్గర్నుంచి కదపడం మాటలు కాదు. దూడని మంచు మీద లాగే ప్లాస్టిక్ స్లెడ్ మీద పడుకోబెట్టి ఆవిడ లాగుతుంటే, దాని వాసన పట్టుకుని తల్లి వెనకే వచ్చేది. నేను గేటు దగ్గర నిలబడ్డాను. ఒక ఎర్రావు తల వంచి నన్ను గేటుకేసి అదిమింది. ఊపిరాడలేదు. ఆవిడ కేకేసి దాన్ని మళ్లించేదాకా "ప్రభువా, ప్రభువా" అంటూనే ఉన్నాను. పైనున్న దొడ్డిలోకి అన్నిటినీ చేర్చేసరికి సన్నగా వాన మొదలైంది.

అప్పుడు తూము పని. పెద్దాయన గట్టి నేల మీద ఎక్స్‌కవేటర్ నిలిపి దాని చెయ్యి నీళ్లలోకి చాపాడు. కూర్చున్నచోటి నుంచి తూము నోరు ఆయనకి కనిపించదు. పక్కన నిలబడి చేతులతో చూపించాను. ఇంకొంచెం ఎడమకి. కిందికి. ఆగండి. బకెట్ రెండుసార్లు మంచుగడ్డ మీద జారిపోయింది. మూడోసారి పళ్లు దిగాయి. జమ్ము, మంచు, ముళ్లకంచె ముక్క కలిసి ఒకే ముద్దగా పైకి లేచాయి. తూము అవతలివైపు పెద్ద శబ్దంతో నీళ్లు దూకాయి.

ఆయన నవ్వలేదు. ఊట దగ్గరికి నడిచాడు. ఇంకా అదే రంగు. ఊట జోరు తగ్గేలా మేం ముగ్గురం దాని చుట్టూ ఇసుక బస్తాలు దడిలా పేర్చాం. తర్వాత చెయ్యడానికేమీ లేదు. కట్ట వెనక నీటి అంచున ఒక పుల్ల గుచ్చి, వానలో నిలబడి దాన్నే చూస్తూ ఉండిపోయాం. మధ్యాహ్నం దాటాక పుల్లకీ నీళ్లకీ మధ్య తడి బురద చార కనిపించింది. ఇంజనీరు వచ్చేసరికి ఊట తేటపడుతోంది.

కట్ట నిలిచింది. వానలో తడిసిన దూడల్లో ఒకటి మాత్రం నిలవలేదు. ఆవిడ దాన్ని వంటింట్లో హీటర్ పక్కన పడుకోబెట్టి, ప్రాణం పోయాక కూడా తువ్వాలుతో రుద్దుతూనే ఉంది. సెలవు తీసుకోవడానికి వెళ్లినప్పుడు తలెత్తకుండా, "నువ్వు కూడా తడిసిపోయావు, ఇంటికెళ్లు," అంది. పెద్దాయన తలుపు దాకా వచ్చి నిలబడ్డాడు. దారంతా ఏడుస్తూ డ్రైవ్ చేశాను.

వేసవిలో కట్ట మొదలు తవ్వి, కొత్త మట్టి వేసి దిమ్మిస కొట్టి, తూము నోటికి ఎత్తైన ఇనుప పంజరం బిగించారు. 'వరదని తట్టుకున్న కట్ట' అని కరపత్రంలో ఫోటో వేసుకుంటామని మా ఆఫీసు అడిగితే పెద్దాయన ఒప్పుకోలేదు.

శీతాకాలం ముందు రైతుల మీటింగ్‌కి మాత్రం వచ్చాడు, నేను పిలవకుండానే. కొత్తగా కట్టలు వేయించుకోవాలనుకున్నవాళ్లు సందేహాలు అడుగుతుంటే లేచి జరిగిందంతా చెప్పాడు. ఊట రంగు, తూము, దూడ, అన్నీ. మా మేనేజర్ మొహం మాడిపోయింది. నాకు మాత్రం గుండె మీంచి బరువు దిగినట్టయింది.

"అయితే తీసేస్తావా దాన్ని?" ఎవరో అడిగారు.

"తీయను. ఈ ఏడు నా గడ్డిపొలంలో మన్ను ఉన్నచోటే ఉంది," అన్నాడు. "కానీ మంచు కరిగే రోజుల్లో దాన్ని వదిలి ఎక్కడికీ వెళ్లకండి."

ఆ రోజు ఒకాయన తన అప్లికేషన్ వెనక్కి తీసేసుకున్నాడు. ఇంకొకావిడ నా దగ్గరికొచ్చి, కట్ట వేసేముందు మట్టిని ఎలా పరీక్షిస్తారో చెప్పమంది. కూర్చుని చెప్పాను. హాలంతా ఖాళీ అయ్యేదాకా ఆవిడ ప్రశ్నలు అడుగుతూనే ఉంది.