నాలుగో కీమోకు ఏడుగురం: నర్సంపేట దారి నుంచి వరంగల్ దాకా

మా అమ్మ కొమురమ్మకు రొమ్ము క్యాన్సర్ అని తెలిసి ఐదు నెలలైంది. గడ్డ తీసే ఆపరేషన్ అయిపోయింది. తర్వాత మూడు వారాలకోసారి చొప్పున ఆరు సార్లు కీమో ఎక్కించుకోవాలన్నారు. నర్సంపేట దగ్గరున్న మా ఊరి నుంచి వరంగల్ దవాఖానకు మొదటి మూడు సార్లు మేమిద్దరమే వెళ్లొచ్చాం. మా ఇంట్లో బడి మెట్లెక్కిన మొదటి మనిషిని నేనే. నర్సంపేటలో ఓ ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతాను. రిపోర్టులు చదవగలిగేదాన్ని, డాక్టరుతో మాట్లాడగలిగేదాన్ని కాబట్టి అమ్మకు నేనొక్కదాన్నే చాలనుకున్నాను. ఇదే పని మీద ఇంట్లోవాళ్లను ఇదే దారిలో తీసుకెళ్లేవాళ్లు చాలామందే ఉంటారు. వాళ్ల కోసం ఆ నాలుగో ప్రయాణం గురించి రాస్తున్నాను.

నాలుగో కీమో సోమవారం. ఆదివారం సాయంత్రం అమ్మ బియ్యం చెరుగుతూ, తలెత్తకుండానే చెప్పింది. "ఇగ సాలు బిడ్డా. రేపు వస్త గని సూదికి కాదు. ఇన్ని దినాలు మంచిగ చూసిన డాక్టరమ్మకు చెప్పకుంట మానేసుడు మర్యాద కాదు. చెప్పి వస్త." మధ్యలో ఆపితే ఏమవుతుందో కాగితాలు ముందేసుకుని వివరించాను, ఏడ్చాను, చివరికి తిట్టాను కూడా. అమ్మ చేట పక్కన పెట్టి లోపలికి వెళ్లిపోయింది. పరీక్షలో రక్తం సరిగానే ఉందని శనివారమే రిపోర్టు వచ్చింది. ఒంట్లో అడ్డంకి ఏమీ లేదు. అమ్మే వద్దంటోంది.

మా ఊరి స్టేజీకి వరంగల్ బస్సు ఆరుంపావుకు వస్తుంది. మేము ఆరింటికే వెళ్లేసరికి అక్కడ ఐదుగురు ఆడవాళ్లు నిలబడి ఉన్నారు. అందరూ అమ్మతో కలిసి ఇరవై ఏళ్లుగా నాట్లకు, కలుపులకు వెళ్లేవాళ్లే. ముందు నిలబడింది వాళ్ల ముఠాకు పెద్ద అయిన సారక్క. నేను పెద్దమ్మ అని పిలుస్తాను. అందరికంటే చిన్నది పూలమ్మ, నాకు చిన్నమ్మ వరస. ఐదుగురూ పొలానికి వెళ్లినట్టే తలకు తువ్వాలలు చుట్టుకున్నారు. జుట్టు రాలిపోయినప్పటి నుంచి అమ్మ కూడా అలాగే కట్టుకుంటోంది.

అమ్మ నావైపు కోపంగా చూసింది. "నీ బిడ్డ ఏం చెప్పలె" అంది సారక్క పెద్దమ్మ. "మంగళారం నుంచి నాటుకు వస్త, నాకో మునుం ఉంచుమని నువ్వే గదనే అన్నవ్. సూది ఏసుకున్నంక ఐదు దినాలు లేవవు. మంగళారం ఎట్లొస్తవ్? మాకు ఆ మాత్రం లెక్క రాదా?"

"మరి నాటు?"

"పటేలుకు రేపు వస్తమని చెప్పినం. నారు ముదురుతాందని గులుగుతాండు. గులగనియ్."

మునుం అంటే తెలియనివాళ్లకు చెబుతాను. నాట్లప్పుడు ఆడవాళ్లంతా మడిలో ఒక వరుసగా నిలబడి వెనక్కి జరుగుతూ నాటుతారు. ఒక్కొక్కరి వంతుకు వచ్చే పట్టీని మునుం అంటారు. ఎవరికైనా నడుము పట్టేసి చెయ్యి ఆడకపోతే, వాళ్లను గట్టు మీద కూర్చోబెట్టరు. అటూ ఇటూ ఉన్నవాళ్లు ఆమె పట్టీలోంచి తలా కొంచెం తమవైపు కలుపుకుంటారు. ఆమె ముందు రెండు మొక్కల వెడల్పే మిగిలినా సరే, వరుసలోనే ఉంటుంది. చిన్నప్పుడు గట్టు మీద పుస్తకం పట్టుకుని కూర్చుని ఇదంతా చూసేదాన్ని. చూశానే తప్ప ఎప్పుడూ ఆలోచించలేదు.

బస్సులో ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు ఉచితంగా జీరో టికెట్ ఇస్తారు. కండక్టర్ ఆరు తువ్వాలలనూ చూసి అడిగాడు. "ఎటు పోతాన్రు? నాట్లకా?"

"ఔ, వరంగల్ల నాటెయ్య పోతానం" అంది పూలమ్మ చిన్నమ్మ.

"వరంగల్ల పొలాలేడున్నయే?"

"దవాఖాన్ల ఉన్నయ్. నువ్వూ దిగి నాలుగు నారుకట్టలు అందియ్యరాదు?"

బస్సంతా నవ్వింది. అమ్మ కిటికీ వైపు తిరిగినా, భుజాలు కదలడం నాకు కనిపించింది. ఆపరేషన్ తర్వాత అమ్మ నవ్వగా చూడటం అదే మొదటిసారి.

ఏడున్నరకు వరంగల్ బస్టాండులో దిగాం. దవాఖానకు ఆటోలో మనిషికి ఇరవై రూపాయలు. ఏడుగురికి రెండాటోలు కావాలన్నాడు డ్రైవర్. "ట్రాక్టరు డబ్బాల ఇరవై మందిమి పోతం, నీ ఆటోల ఏడుగురం పట్టమా?" అని పెద్దమ్మ గదమాయించింది. "పట్టుతరు పెద్దమ్మా, కాని సౌరస్తల పోలీసాయనకు జవాబు నువ్వు చెప్పాలె" అన్నాడతను. రెండాటోల్లోనే వెళ్లాం. గేటు ముందు బండ్ల మీద ఇడ్లీ ముప్పై రూపాయలు. నూనె వాసన అమ్మకు పడదు కాబట్టి, చివరన జావ అమ్మే ఆమె దగ్గర ఆగడం మాకు అలవాటు. రాగి జావ గ్లాసు పదిహేను. ఐదుగురూ ఇడ్లీ వైపు చూడను కూడా చూడకుండా జావే తాగారు.

ఎనిమిదిన్నరకు పైఅంతస్తులోని కీమో వార్డుకు వెళితే ముందు బరువు, బీపీ చూస్తారు. కొత్త నర్సు చీటీ చూస్తూ, "కొమురమ్మ, వచ్చి కూసో" అంది. అమ్మ కదలలేదు. ఆరు తువ్వాలల్లో ఎవరు ఎవరో తెలియక నర్సు ఎదురుగా ఉన్న పెద్దమ్మ చెయ్యి పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టింది. దవాఖానకు వచ్చిన అందరికీ చూస్తారేమో అనుకుని ఆమె కిమ్మనకుండా చెయ్యి చాపింది. "బీపీ మస్తు మంచిగుంది కొమురమ్మా" అంది నర్సు.

"మంచిగనే ఉంటది. నాకేం రోగమున్నది? కొమురమ్మ అగో ఆమె."

నర్సు తల పట్టుకుంది. కొట్టేసి మళ్లీ రాసుకుని, అందరికీ మాస్కులిచ్చి, వార్డు లోపలికి ఒక్కరికి మించి రానివ్వనని గట్టిగా చెప్పింది.

తొమ్మిదిన్నరకు డాక్టరమ్మ పిలిచింది. నేను ఫైలు తెరిచేలోపే అమ్మ రెండు చేతులూ జోడించింది. "నన్ను మంచిగ చూసిన్రు. ఇగ రానమ్మా. చెప్పి పోదమని వచ్చిన."

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టి అడిగింది. "నొప్పికి తట్టుకోలేకపోతున్నవా అమ్మా?"

"నొప్పి కాదు. కాన్పుల నొప్పి చూసినదాన్ని. ఆ మంచం మీద నాలుగు గంటలు ఒక్కదాన్ని పండుకుంటె, అప్పుడే సచ్చి అందరికి దూరమైనట్టు అనిపిస్తది."

ఒక్కదాన్ని. ఆ మాట వినగానే నా చేతిలో ఫైలు బరువెక్కింది. మూడు సార్లూ నేను అమ్మ పక్కనే ఉన్నాననుకున్నాను. నిజానికి మందుల షాపు దగ్గర, బిల్లుల వరుసలో, సంతకాల కోసం తిరుగుతూ ఉన్నాను. మిగిలిన సమయంలో మంచం పక్కన కూర్చుని ఫోన్లో మందుల పేర్లు వెతికాను. అమ్మతో ఒక్క ముచ్చట కూడా పెట్టలేదు.

తలుపు దగ్గర నిలబడి వింటున్న పెద్దమ్మ లోపలికి వచ్చేసింది. "డాక్టరమ్మా, ఒక్కలే ఉండాలన్నరట గద. ఒక్కలమే ఉంటం. ఒకలు ఎల్లినంక ఇంకొకలం వస్తం. నాలుగు గంటలు, అయిదుగురం, మా బిడ్డతోని ఆరుగురం. తలా ఇంత మునుం పడతం."

అమ్మకు కోపం వచ్చింది. "సూది నాకే గదనే పొడిసేది! దాన్ని ఎట్ల పంచుకుంటరు?"

పెద్దమ్మ అమ్మ పక్కన నేల మీద కూర్చుంది. "సూది పంచుకోలేం కొమురా. అది నీదే. కూసునుడు పంచుకుంటం. ఇగ నువ్వు ఇంటికి పోదమంటె ఇంటికే పోదం. అటైనా నీ ఎంటనే వస్తం."

అమ్మ లేచి, చెప్పులు విడిచి, వార్డు వైపు నడిచింది. ఇన్నేళ్ల చదువుతో ఎన్నో మాటలు నేర్చుకున్నాను. మనిషిని ముందుకు తొయ్యకుండా, వెనక్కి లాగకుండా ఇలా పక్కన నిలబడే మాట నాకు ఒక్కటీ రాదని ఆ క్షణంలో తెలిసింది.

పదిన్నరకు మొదలైన సెలైన్ రెండున్నర దాకా ఎక్కింది. ఒకరు బయటికి వస్తుంటే ఇంకొకరు చేతులు కడుక్కుని లోపలికి వెళ్లేవారు. ఎవరూ రోగం ఊసెత్తలేదు. పూలమ్మ చిన్నమ్మ పొలం యజమాని పటేలు గొంతుతో గొణిగి చూపిందట. పక్క మంచం ముసలామె కూడా నవ్వలేక కడుపు పట్టుకుందట. చివరి వంతు నాది. మంచం పక్కన కూర్చున్నాను. అలవాటుగా ఫైలు తెరిచాను. "అది బందు పెట్టు" అంది అమ్మ కళ్లు మూసుకునే. "నీ బళ్లె పిలగాండ్లు ఏం అల్లరి చేస్తాన్రో చెప్పు." లెక్క రాకపోతే కడుపునొప్పి తెచ్చుకునే ఆరో తరగతి పిల్ల గురించి చెప్పాను. అమ్మ వేలు నా చేతి మీద మెల్లగా కదులుతూ ఉంది.

నాలుగు గంటల బస్సులో తిరిగి వచ్చాం. దారిలో అమ్మకు రెండు సార్లు వాంతయింది. ఎవరూ అయ్యో అనలేదు. ఒకరు కవరు పట్టారు, ఒకరు వీపు రాశారు, మిగిలినవాళ్లు ముచ్చట ఆపలేదు. ఐదున్నరకు మా స్టేజీలో దిగాక, అమ్మ పెద్దమ్మ భుజం పట్టుకుని నిలదొక్కుకుని, "మల్ల మూడు వారాలకు. అప్పటికి నాట్లు ఒడుస్తయ్. ఎవ్వలు మర్వొద్దు" అంది.

ఇంకా రెండు కీమోలు ఉన్నాయి. ఆ తర్వాత ఏమిటో నాకు తెలియదు, డాక్టరమ్మ కూడా మాటివ్వలేదు. ఆ ఐదుగురిలో ఒక్కరికీ చదవడం రాదు; వార్డు పేరు ఎక్కడ రాసి ఉందో కూడా నన్నే అడిగారు. కానీ మా అమ్మ ఎక్కడుందో నాకంటే ముందు కనిపెట్టి, అక్కడికి చేరింది వాళ్లే.

ఈ దారిలో వెళ్లేవాళ్లకు రెండు సలహాలు. రక్తపరీక్ష రెండు రోజుల ముందే మీ దగ్గర్లో చేయించుకోండి, వరంగల్‌లో సగం పూట మిగులుతుంది. దానికంటే ముఖ్యంగా, ఫైలు పట్టుకుని తిరగడానికి ఒకరు, మంచం పక్కన కూర్చోవడానికి ఇంకొకరు వెళ్లండి. రెండు పనులూ ఒక్క మనిషి వల్ల కావు.